మొండికేసిన బోల్టు: ఒక మరమ్మతు విద్య పూర్వాపరాలు

యంత్రాన్ని విప్పి, బాగుచేసి, తిరిగి బిగించుకునే వీలు కల్పించినది బోల్టు. ఇనుప పలకలను కలపడానికి వాడే రివెట్టుకు విప్పడమన్నదే లేదు. ఎర్రగా కాల్చి, రెండో కొసను కూడా తలగా సాగగొట్టిన ఆ మేకును తీయాలంటే తలను ఉలితో నరికి పారేయాలి, దాని చోట మరొకటి కాల్చి కొట్టాలి. బోల్టు ఈ నిర్బంధాన్ని తొలగించింది కాబట్టే ఆవిరి యంత్రం మొదలుకొని పొలంగట్టు మీది ఆయిల్ ఇంజను దాకా అన్నీ మరమ్మతుకు లొంగే వస్తువులయ్యాయి. అయితే విప్పుకోవడానికే పుట్టిన ఈ వస్తువు కొన్నేళ్లు వానకూ వేడికీ గురయ్యాక కదలనని మొండికేస్తుంది. బలవంతం చేస్తే తల మూలలు అరిగి పానా జారుతుంది. ఇంకా బలం చూపితే కాడ తెగి సగం లోపలే ఉండిపోతుంది. వర్క్‌షాపుల్లో ఈ మూడింటినీ కలిపి ‘బోల్టు పట్టేసింది’ అనేస్తారు గాని వాటి మూలాలు ఒకటి కావు. తుప్పు పట్టడం ఇనుము స్వభావం కాబట్టి అది ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా ఒకే తీరున జరుగుతుంది. మూలలు అరగడం మాత్రం చాలావరకు మనుషుల ఏర్పాట్ల ఫలితం: గడచిన రెండు శతాబ్దాల్లో ఒక్కో దేశం, ఒక్కో పరిశ్రమ, ఒక్కోసారి ఒక్కో యుద్ధం బోల్టు తలకు ఒక్కో కొలత నిర్ణయించి పోగా, ఆ కొలతలన్నీ చివరికి ఒకే మెకానిక్ బల్ల మీదికి వచ్చి చేరాయి. అరిగిన తలను పనివాడి అజాగ్రత్త కింద జమకట్టడం మామూలే. చరిత్ర చూస్తే ఆ నింద సగమే న్యాయం.

బోల్టు కాడ చుట్టూ మెలిక తిరుగుతూ పోయే గాడిని మర అంటారు. పక్కపక్కనే ఉన్న రెండు గట్ల నడిమి దూరాన్ని పిచ్ అంటారు. ద్రాక్షరసం, ఆలివ్ నూనె పిండే చెక్క మరలు ప్రాచీన మధ్యధరా దేశాల్లోనే ఉన్నా, లోహపు మరలు, నట్టులు కవచాల్లో, గడియారాల్లో కనిపించడం 15వ శతాబ్ది యూరప్‌లో మొదలైంది. వాటిని ఆకురాయితో రాకి, చేతి అంచనాతో కోసేవారు గనుక ఏ నట్టు ఏ బోల్టుకు కోశారో దానికే పట్టేది. 18వ శతాబ్ది చివరిదాకా యంత్రనిర్మాణంలోనూ ఇదే పరిస్థితి: ప్రతి బోల్టుకూ దాని నట్టుకూ జత గుర్తు కొట్టేవారు, విప్పినప్పుడు జతలు కలిసిపోతే తిరిగి కూర్చడం పెద్ద యాతనయ్యేది. లండన్ యంత్రనిర్మాత హెన్రీ మాడ్‌స్లీ (1771–1831) 1800 ప్రాంతంలో మర కోసే లేత్‌ను కచ్చితమైన పనిముట్టుగా తీర్చిదిద్ది, తన వర్క్‌షాపు వరకు కాడ మందాన్ని బట్టి పిచ్ ఎంతుండాలో నిర్ణయించి, లోపలి మర కోసే ట్యాపులను, బయటి మర కోసే డైలను వాటికి తగ్గట్టు చేయించాడు. అతని దగ్గర పనిచేసిన జేమ్స్ నాస్మిత్ ఆత్మకథలో ఆ ముందరి గందరగోళాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించడం చూస్తే, నట్టు మారితే యంత్రం ఆగిపోయే రోజులు ఆ తరానికి ఎంత బాగా గుర్తుండిపోయాయో తెలుస్తుంది.

మాడ్‌స్లీ శిక్షణలోనే పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ ఈ ఏర్పాటును ఒక వర్క్‌షాపు గోడలు దాటించాడు. అతడు ఇంగ్లండులోని పేరున్న వర్క్‌షాపుల నుంచి బోల్టులు సేకరించి, వాటి మరలను కొలిచి, సగటు తీసి, 1841లో సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందు ఒక పత్రంగా సమర్పించాడు. గట్టు రెండు వాలుల మధ్య కోణం 55 డిగ్రీలు, గట్టు శిఖరమూ గాడి అడుగూ గుండ్రం, అంగుళానికి ఎన్ని మెలికలన్నది కాడ మందాన్ని బట్టి స్థిరం: పావు అంగుళం బోల్టుకు 20, అర అంగుళానికి 12, అంగుళానికి 8. ఇందులో అతని సొంత కల్పన తక్కువ, అప్పటికే జనం వాడుతున్నదాని సగటు ఎక్కువ. బహుశా అందుకే అది త్వరగా చెల్లుబాటయింది. క్రిమియా యుద్ధకాలంలో (1853–56) గన్‌బోటుల ఇంజన్లు తొందరగా కావలసివచ్చినప్పుడు భాగాలను వేర్వేరు వర్క్‌షాపులకు పంచి చేయించగలగడానికి ఈ ఉమ్మడి మరే ఆధారమైంది. బ్రిటన్‌లో తయారైన రైలు ఇంజన్లు, పంపులు, బాయిలర్లతో పాటు ఇదే మర భారతదేశానికీ వచ్చింది. 1893లో నిజాం రైల్వే లాలాగూడలో నెలకొల్పిన వర్క్‌షాపు వంటి చోట్ల కొన్ని తరాల ఫిట్టర్లకు మర అంటే విట్‌వర్త్ మరే.

మర కుదిరినంత మాత్రాన తల కుదరలేదు. కమ్మరి కొలిమిలో తయారైన తొలి బోల్టులకు చదరపు తలలుండేవి, ఎందుకంటే సమ్మెటతో నాలుగు పక్కలు కొట్టడం తేలిక. ఆరు పక్కల తల రావాలంటే కాడను కొలత ప్రకారం తిప్పుతూ లోహాన్ని చెక్కే యంత్రం ఉండాలి. మాడ్‌స్లీ వర్క్‌షాపులో ఉండగా 1829 ప్రాంతంలో నాస్మిత్ చిన్న నట్టుల పక్కలు చెక్కడానికి కల్పించిన సాధనం అలాంటివాటిలో తొలినాటిది. షట్కోణం ఇష్టమవడానికి కారణం ఇరుకు చోట్లు. చదరపు తలను మళ్లీ పట్టుకోవాలంటే పానాను 90 డిగ్రీలు తిప్పాలి, షట్కోణానికి 60 చాలు; అందులోనూ పానా నోటిని దాని పిడికి 15 డిగ్రీలు వాలుగా పెట్టి, ప్రతి తిప్పుకూ పానాను తిరగేస్తూ పోతే 30 డిగ్రీల సందులోనే పని జరిగిపోతుంది. నేటికీ ప్రతి ఓపెన్ పానా నోరు వంకరగా కనిపించేది ఇందుకే. ఈ సౌకర్యానికి చెల్లించిన మూల్యం మూల బలం. 19 మి.మీ. షట్కోణంలో మూల నుంచి మూలకు దూరం సుమారు 22 మి.మీ., అంటే ఒక్కో మూల లోపలి వృత్తాన్ని దాటి పొడుచుకువచ్చేది ఒకటిన్నర మి.మీ. మాత్రమే, అదే కొలత చదరపు తలలో ఇది 4 మి.మీ.కు కొంచెం తక్కువ. మనిషి రెండు చేతుల బలం, పానాకు తగిలించిన పైపు గొట్టం బలం అంతా ఆ ఒకటిన్నర మి.మీ. అంచుల మీదే పడుతుంది. పాత వ్యవసాయ యంత్రాల చదరపు నట్టులు తుప్పులో మునిగినా పానాకు పట్టివ్వడానికి కారణం కూడా ఈ లెక్కలోనే ఉంది.

తుప్పు సంగతికి వస్తే, ముందుగా బిగుతు అంటే ఏమిటో తెలియాలి. మర అంటే కాడకు చుట్టిన ఏటవాలు దారి, 12 మి.మీ. మెట్రిక్ బోల్టులో ఆ వాలు 3 డిగ్రీల లోపే. అంత తక్కువ వాలు మీద లోహానికి లోహానికి ఉండే రాపిడే నట్టును జారకుండా ఆపుతుంది. నట్టు బిగించేటప్పుడు చేతి బలంలో దాదాపు సగం తల కింది రాపిడికీ, మరో 40 శాతం మర లోపలి రాపిడికీ పోయి, మిగిలిన పదో వంతే కాడను సాగదీసి బిగుతుగా మారుతుంది. ఇలా రాపిడి మీద ఆధారపడిన అమరికలోకి తుప్పు చేరితే ఏమవుతుందో ఊహించవచ్చు. గట్లకూ గాడులకూ మధ్య మిల్లీమీటరులో కొద్ది వంతు ఖాళీ ఉంటుంది. సన్నని సందుల్లోకి ద్రవం తనంత తానే పాకే గుణం వల్ల నీరు అందులోకి చేరుతుంది. నీరూ ఆక్సిజనూ కలిసి ఇనుమును తుప్పుగా మార్చినప్పుడు ఆ తుప్పు, పోయిన ఇనుముకు రెండింతలకు పైగా చోటు అడుగుతుంది. ఉన్న ఖాళీ అంతా నిండాక కూడా అది పెరగజూస్తుంది కాబట్టి నట్టును బోల్టు మీదికి లోపలి నుంచే మేకు దిగ్గొట్టినట్టవుతుంది. ఉప్పు ఉంటే ఈ పని ఇంకా వేగంగా సాగుతుందన్నది కోస్తా జిల్లాల్లో రొయ్యల చెరువుల ఏరేటర్లు బాగుచేసేవారికి చెప్పనక్కరలేదు. ఇంజను పొగగొట్టం మొదట్లో ఉండే స్టడ్లది, అంటే తల లేకుండా రెండు కొసలా మర ఉన్న బోల్టులది, వేరే దారి: అక్కడ నీటికంటే వేడే శత్రువు, కాగి చల్లారిన ప్రతిసారీ లోహం పైపొర మాడి పొలుసు కడుతుంది. అల్యూమినియం భాగంలో ఉక్కు స్టడ్ దిగిన చోట రెండు లోహాల మధ్య తేమ చేరితే చిన్న బ్యాటరీ వంటి విద్యుత్ చర్య మొదలై, అల్యూమినియమే తెల్లటి పొడిగా మారి స్టడ్‌ను పట్టేస్తుంది.

ఇక మూలల చరిత్ర. విట్‌వర్త్ మర బ్రిటన్‌లో స్థిరపడిన కొద్ది దశాబ్దాలకే అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో వేరే మరను ప్రతిపాదించాడు. 55 డిగ్రీల కోణాన్నీ గుండ్రని శిఖరాన్నీ కొలవడం, కోయడం మామూలు వర్క్‌షాపుకు కష్టమని వాదించి, 60 డిగ్రీల కోణం, చదును శిఖరం ఎంచుకున్నాడు. నట్టు వెడల్పుకు కూడా ఒక సూత్రం చెప్పాడు. రెండు పద్ధతులూ చాలా మందాల్లో అంగుళానికి ఒకే సంఖ్యలో మెలికలు పెట్టుకున్నా, అర అంగుళం దగ్గర విట్‌వర్త్‌కు 12, అమెరికన్‌కు 13. ఆ ఒక్క మెలిక తేడాతో ఒకదాని నట్టు రెండోదాని బోల్టుకు మొదట సులువుగా ఎక్కి, ఒకటి రెండు చుట్లలోనే బిగుసుకుపోతుంది. తెలియనివాడు అది మంచి బిగువనుకుని పానా వేస్తాడు. తుప్పుతో పనిలేకుండా పట్టేసే బోల్టులకు ఇదొక పాత దృష్టాంతం. బ్రిటన్‌లోనే 1908లో సన్న పిచ్‌తో బీఎస్ఎఫ్ అనే మరో వరుస ప్రమాణమై, దాని తల అదే మందపు విట్‌వర్త్ తలకంటే ఒక కొలత చిన్నదయింది. రెండో ప్రపంచయుద్ధంలో ఉక్కు ఆదాకోసం విట్‌వర్త్ తలలను కూడా ఆ చిన్న కొలతకే దించారు. దాంతో పాత విట్‌వర్త్ బోల్టుకూ కొత్త విట్‌వర్త్ బోల్టుకూ మర ఒకటే, పానా వేరు. బ్రిటిష్ పానాల మీది అంకె తల వెడల్పును చెప్పదు, ఆ తల కింద ఉండే కాడ మందాన్ని చెబుతుంది. కాబట్టి ఒకే పానా మీద విట్‌వర్త్‌కు ఒక అంకె, బీఎస్ఎఫ్‌కు మరో అంకె చెక్కి ఉండటం, రెంటిలో ఏదీ ఆ నోటి అసలు కొలత కాకపోవడం కొత్తవాళ్లను కలవరపెట్టేది.

ఈ గజిబిజిలో అన్నిటికంటే విచిత్రమైనది మోరిస్ కార్ల కథ. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఫ్రాన్స్‌కు చెందిన హాచ్‌కిస్ సంస్థ ఇంగ్లండులోని కోవెంట్రీలో కర్మాగారం పెట్టి తన ఫ్రెంచి యంత్రాలతో మెట్రిక్ మరలు కోసేది. విలియం మోరిస్ 1923లో ఆ కర్మాగారాన్ని కొన్నాక యంత్రాలు మార్చడం ఖర్చని మరలను మెట్రిక్‌గానే ఉంచి, బ్రిటిష్ మెకానిక్కుల పెట్టెల్లో ఉన్న పానాలు పట్టాలని తలలు మాత్రం విట్‌వర్త్ కొలతకు చెక్కించాడు. పానా పట్టిందని విట్‌వర్త్ నట్టు ఎక్కిస్తే మర నాశనమయ్యేది. ఆ ఇంజన్లను పునరుద్ధరించే ఔత్సాహికులు దాన్ని ఇప్పటికీ ‘పిచ్చి మెట్రిక్’ అని వెక్కిరిస్తారు. ఇది ఒక కార్ఖానా పిసినారితనమైతే, రెండో ప్రపంచయుద్ధంలో తలెత్తినది రెండు మిత్రదేశాల ఇబ్బంది. బ్రిటన్ మెర్లిన్ విమాన ఇంజనును అమెరికాలో తయారుచేయడానికి ఒప్పుకున్న ప్యాకర్డ్ సంస్థ, విడిభాగాలు రెండు దేశాల ఇంజన్లకూ పనికిరావాలి గనుక బ్రిటిష్ మరలనే కోయవలసివచ్చి, అందుకు కావలసిన ట్యాపులను స్వయంగా తయారుచేసుకుంది. యుద్ధం నేర్పిన ఈ పాఠం ఫలితంగా 1948 నవంబరు 18న బ్రిటన్, అమెరికా, కెనడాలు 60 డిగ్రీల ఉమ్మడి మరకు, అంటే యూనిఫైడ్ పద్ధతికి, అంగీకరించాయి. దాని పానాల మీద తల అసలు వెడల్పు అంగుళాల్లో ఉంటుంది. ఎదురెదురు పక్కల మధ్య కొలత అన్న అర్థంలో దానికి ఏఎఫ్ అని గుర్తు. ఉమ్మడి ఏర్పాటు పాతవాటిని చెరిపేయకుండా మరో వరుసను చేర్చింది. 1965లో బ్రిటిష్ ప్రమాణాల సంస్థ తమ పాత మరలన్నిటికీ కాలం చెల్లుతున్నదని ప్రకటించి మెట్రిక్ వైపు తిరిగేనాటికి వాటితో నిర్మించిన యంత్రాలు ప్రపంచమంతా తిరుగుతున్నాయి.

భారతదేశంలో తూనికలు కొలతలను మెట్రిక్ చేసిన చట్టం 1956 నాటిది గాని, చట్టం బోల్టులను విప్పి మార్చలేదు. 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మోటారుసైకిల్ ఇంగ్లండులోని రెడ్డిచ్ మాతృసంస్థ నమూనాను అనుసరించి బ్రిటిష్ మరలతో వచ్చింది, ఆ మాతృసంస్థ మూతపడ్డాక కూడా ఇక్కడ దశాబ్దాల పాటు ఆ మరలతోనే సాగింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణిని ఆధారం చేసుకుని వచ్చిన అంబాసిడర్ ఇంజనుకు యూనిఫైడ్ మర, ఏఎఫ్ పానా. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800కు మెట్రిక్ మర. అందులోనూ జపాను అలవాటు ప్రకారం 8 మి.మీ. బోల్టుకు 12 పానా, 10 మి.మీ. బోల్టుకు 14 పానా. అదే 10 మి.మీ. బోల్టుకు జర్మన్ ప్రమాణంలో 17, అంతర్జాతీయ ప్రమాణంలో 16 పట్టాలి. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాదు సందుల్లోనో 1980ల చివర పనిచేసిన మెకానిక్ ముందుకు ఈ మూడు బళ్లూ ఒకేరోజు రావడంలో వింతలేదు, అతని చేతిలో మాత్రం తరచుగా ఉండేది ఒకటే మెట్రిక్ పానాల సెట్టు. ముప్పావు అంగుళం ఏఎఫ్ తల 19.05 మి.మీ., దానికి 19 పానా చక్కగా కూర్చుంటుంది. ఐదు ఎనిమిదో వంతులది 15.9 మి.మీ., 16 పానా సరిపోతుంది. ఈ రెండు కుదరడం చూసి మిగతావీ కుదురుతాయనుకోవడంలోనే చిక్కు. అర అంగుళం తల 12.7 మి.మీ. కాగా దానికి 13 పానా వేస్తే 0.3 మి.మీ. వదులు. బుల్లెట్‌లో పావు అంగుళపు విట్‌వర్త్ పానా పట్టే తల వెడల్పు 13.3 మి.మీ.; 13 పానా ఎక్కదు, 14 పానా 0.7 మి.మీ. వదులుగా ఆడుతుంది. తుప్పు పట్టని నట్టు ఆ వదులును భరిస్తుంది. తుప్పుతో బిగుసుకున్నది మాత్రం తిరగనంటుంది, పానా నోటి అంచు మూల మీదికి పాకి దాన్ని కోసుకుంటూ పోతుంది. అలా రెండుసార్లు జారాక ఆ తలకు అసలు పానా దొరికినా ప్రయోజనం ఉండదు.

అన్ని కొలతలకూ ఒకే పానా ఉండాలన్న కోరిక ఈ పరిస్థితుల్లో సహజం. స్వీడన్‌కు చెందిన యోహాన్ పెట్టర్ యోహాన్సన్ 1892లో పేటెంటు పొందిన సర్దుబాటు పానాయే నేడు స్క్రూ స్పానర్ పేరుతో ప్రతి ఇంట్లోనూ ఉన్నది. దాని కదిలే దవడలో కొద్దిపాటి ఆట తప్పదు కాబట్టి మొండి నట్టు మీద అది మంచి చేసినదానికంటే చెడు చేసినది ఎక్కువని చెప్పవచ్చు. మూలలు పూర్తిగా పోయాక పనికొచ్చేవి పళ్లున్న సాధనాలు: అమెరికాలో డేనియల్ స్టిల్సన్ 1870లో పేటెంటు పొందిన పైపు రెంచి బలం పెరిగేకొద్దీ గట్టిగా కరుస్తుంది, నెబ్రాస్కాకు చెందిన కమ్మరి విలియం పీటర్సన్ 1924 నాటి పట్టకారు ఒకసారి నొక్కితే తాళం పడి పట్టు వదలదు. అరిగిన తలను ఆకురాయితో రాకి ఒక కొలత చిన్న షట్కోణం చేయడం, లేదా రెండు పక్కలు మాత్రం చదును చేసి పట్టుకోవడం వీటికంటే పాత పద్ధతి, ఓపిక ఉంటే మెరుగైన పద్ధతి కూడా.

నూనెతో తుప్పును లొంగదీయడం కూడా ఇలాంటి పాత విద్యే. నీరు పాకిన సందులోకి నూనె కూడా పాకగలదు, కాకపోతే నూనె పలచగా ఉండాలి. అందుకే 19వ శతాబ్ది రెండో సగంలో దీపాలకోసం వచ్చిన కిరసనాయిలు వర్క్‌షాపుల్లో వెంటనే రెండో ఉద్యోగం సంపాదించుకుంది. కిరసనాయిలు తుప్పును కరిగించదు. పొడిబారిన తుప్పు రేణువుల మధ్యకు చేరి వాటి రాపిడి తగ్గిస్తుందంతే, అది ఆవిరైపోయాక మిగిలేదీ కొద్దే. ఈ లోపాన్ని సవరిస్తూ పలచని ద్రావకంలో చిక్కని కందెన కలిపి అమ్మే నూనెలు అమెరికాలో వచ్చాయి. 1941లో వచ్చిన లిక్విడ్ రెంచ్ వాటిలో పేరున్నది. భారతదేశంలో ఇప్పుడు అందరికీ తెలిసిన డబ్ల్యూడీ-40 వీటి కోవలో పుట్టలేదు: 1953లో శాన్ డియేగోలో రాకెట్ కెమికల్ కంపెనీ దాన్ని లోహం మీది తేమను తరిమేందుకు తయారుచేసింది, అట్లాస్ క్షిపణి పైపొరకు తుప్పు పట్టకుండా చూడటం దాని తొలి కొలువు. నీటిని వెళ్లగొట్టే గుణం తుప్పు రాకుండా ఆపడంలో గొప్పదే గాని వచ్చిన తుప్పులోకి దిగడంలో అంత గొప్పది కాదు, ఆ పేరు మీద ఉన్న నమ్మకం దాని పనితనాన్ని మించిపోయింది. నూనె ఏదైనా పని చేయడానికి గంటలు, ఒక్కోసారి రాత్రంతా కావాలి. మధ్యమధ్య తల మీద సుత్తితో నిలువుగా కొడితే తుప్పు పొరలో పగుళ్లు పుట్టి నూనెకు దారి దొరుకుతుంది. తరువాత నట్టును విప్పే దిక్కుకు కాక ముందు బిగించే దిక్కుకు వెంట్రుకవాసి కదిపి, ఆ పైన వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పి, తుప్పు పొడిని కొంచెం కొంచెంగా బయటికి నెట్టుకుంటూ రావాలి. ఒకే ఊపున తిప్పితే రాలిన తుప్పు ముందు మెలికలో పోగై నట్టు మళ్లీ పట్టేస్తుంది.

నూనెకు లొంగనిది వేడికి లొంగుతుంది. దీని వెనుక ఉన్న సూత్రం పల్లెటూరి కమ్మరికి ఎప్పటినుంచో తెలుసు: ఎద్దుబండి చెక్క చక్రానికి ఇనుప పట్టా తొడిగేటప్పుడు పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, అది పెద్దదైనప్పుడు చక్రం మీద దించి, వెంటనే నీళ్లు పోస్తే ముడుచుకుని చక్రాన్ని బిగిస్తుంది. నట్టు విషయంలో ఇదే సూత్రం వెనకనుంచి నడుస్తుంది. నట్టును మాత్రం వేడిచేసి లోపలి బోల్టును చల్లగా ఉంచగలిగితే నట్టు రంధ్రం పెరుగుతుంది. ఉక్కు ప్రతి సెల్సియస్ డిగ్రీకీ పొడవులో లక్షకు 1.2 వంతుల చొప్పున పెరుగుతుంది గనుక 20 మి.మీ. రంధ్రం 300 డిగ్రీల తేడాకు 0.07 మి.మీ. పెద్దదవుతుంది. కొలత చిన్నదే అయినా తుప్పు పొర పగలడానికి అది చాలు. కానీ వేడి నట్టులో ఎక్కువసేపు నిలవదు, మర గుండా బోల్టులోకి పాకుతుంది, రెండూ కలిసి పెరిగితే ఫలితం సున్నా. అందువల్ల ఈ విద్య చరిత్ర అంతా తక్కువ సమయంలో, తక్కువ చోట, ఎక్కువ వేడి పెట్టగల మంట కోసం జరిగిన వెతుకులాట. కొలిమికి యంత్రాన్ని మోసుకుపోలేరు. ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీనో వలయాన్నో తెచ్చి నట్టుకు ఆనించడం ఒకనాటి ఉపాయం. 1880ల్లో స్వీడన్‌లో కార్ల్ రిచర్డ్ నైబెర్గ్ తయారుచేసిన బ్లో ల్యాంపు మంటను నట్టు దగ్గరికి తెచ్చింది గాని అది నెమ్మది. ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ ఫూషే, చార్లెస్ పికార్డ్ 1903లో ఆక్సిజన్, ఎసిటిలీన్ కలిపి మండించే టార్చిని సిద్ధం చేశాక పరిస్థితి మారింది. 3,100 డిగ్రీలు దాటే ఆ మంట మధ్యరకం నట్టును నిమిషం తిరక్కుండా మబ్బు ఎరుపుకు తెస్తుంది. నేటి ‘గ్యాస్ పెట్టి తీయడం’ అదే. ఇందులో నష్టాలూ ఉన్నాయి. పోత ఇనుము ఒక పక్కే కాగితే పగులుతుంది, జింకు పూత ఉన్న నట్టు వదిలే పొగ జ్వరం తెప్పిస్తుంది, కష్టపడి గట్టిపరచిన ఉక్కు బోల్టు ఎర్రబడితే ఆ గట్టిదనం పోయి తిరిగి వాడటానికి పనికిరాదు. అందుకని అనుభవజ్ఞులు వేడి తగిలించిన ప్రతి బోల్టునూ పారేసి కొత్తది వేస్తారు.

ముందుజాగ్రత్తగా మరకు పూసే పూతల చరిత్ర చిన్నది. విక్టోరియా కాలపు ఇంజనీర్లు తెల్ల సీసం పొడిని పశువుల కొవ్వులో మెదిపి రాసేవారు. సీసం విషమని తేలాక రాగి పొడి, గ్రాఫైట్ కలిసిన గ్రీజులు దాని చోటు తీసుకున్నాయి. ఇందుకు పూర్తిగా విరుద్ధమైన పూత 1956లో వచ్చింది. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ట్రినిటీ కళాశాల రసాయనశాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ గాలి తగలని చోట మాత్రమే గట్టిపడే జిగురును లాక్‌టైట్ పేరుతో విడుదల చేశాడు. మర సందులో గాలి ఉండదు గనుక అది అక్కడే గట్టిపడి, అదురుకు నట్టు వదులవకుండా పట్టి ఉంచుతుంది. తుప్పు అనుకుని నూనె పోస్తూ కూర్చున్న పనివాడికి లోపల ఉన్నది ఈ జిగురని తెలియకపోతే రోజు వృథా అవుతుంది, దానికి మందు నూనెలో లేదు, సుమారు 250 డిగ్రీల వేడిలో ఉంది.

కాడ తెగి సగం లోపల ఉండిపోవడం అన్నిటికంటే కష్టమైన ఘట్టం, దీనిలో ఆవిరి ఇంజన్ల వర్క్‌షాపులకు ఎవరికీ లేనంత అనుభవం ఉండేది. రైలు ఇంజను బాయిలర్‌లో నిప్పుగది గోడనూ దాని బయటి గోడనూ కలుపుతూ రెండు కొసలా మర ఉన్న వందలాది కడ్డీలు ఉంటాయి, వాటిని స్టేలు అంటారు. రెండు గోడలూ వేర్వేరుగా వేడెక్కి వేర్వేరుగా సాగడం వల్ల అవి తరచు విరిగేవి. విరిగినదాన్ని నడిమికి కచ్చితంగా గురిచూసి డ్రిల్లుతో తొలిచి, మిగిలిన పలచని చుట్టును ఉలితో లోపలికి మడిచి తీసి, రంధ్రంలో కొంచెం పెద్ద మర కోసి కొత్త స్టే ఎక్కించేవారు. తెగిన బోల్టుకూ ఇదే క్రమం. ముందు తెగిన ముఖాన్ని చదును చేయాలి, సరిగ్గా మధ్యలో పంచితో గుర్తు కొట్టాలి, చిన్న డ్రిల్లుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. గుర్తు అర మిల్లీమీటరు తప్పినా డ్రిల్లు మెత్తని పక్కకు జారి గోడ మరను కోస్తుంది. తొలిచిన రంధ్రంలోకి ఎడమవైపు మెలిక తిరిగిన కూచి కడ్డీని దింపి తిప్పితే అది కరుచుకుంటూ తునకను విప్పే దిక్కుకు లాగుతుంది. ఎక్స్‌ట్రాక్టర్ అనే ఈ సాధనం చూడటానికి ఎంతో తెలివైనది, కానీ తలతో సహా ఉన్న బోల్టే తట్టుకోలేక తెగిన చోట దాని కాడలో సగం మందం లేని కడ్డీ గెలవడం అరుదు. విద్యుత్ వెల్డింగు ఊరూరా వ్యాపించాక మెకానిక్కులు దాన్ని పక్కనపెట్టి, తెగిన తునక మీద ఒక కొత్త నట్టు నిలిపి, నట్టు రంధ్రంలోంచి వెల్డింగు నింపి, ఎరుపు తగ్గీ తగ్గకముందే పానా వేసి తిప్పడం మొదలుపెట్టారు. ఇందులో కొత్త తల పుడుతుంది. వేడికి పెరగజూసిన తునక చుట్టూ ఉన్న గోడకు అణగి, చల్లారేటప్పుడు మొదటికంటే సన్నబడుతుంది కాబట్టి తుప్పు పట్టు కూడా వదులుతుంది. అరిగిన తలకైనా, తెగిన కాడకైనా ఇంతకంటే నమ్మకమైన ఉపాయం సామాన్య వర్క్‌షాపులో మరొకటి లేదు.

ఎక్స్‌ట్రాక్టరో ట్యాపో రంధ్రంలో విరిగితే మాత్రం వెల్డింగు పట్టదు, డ్రిల్లు దిగదు, ఎందుకంటే రెండూ డ్రిల్లంత గట్టి ఉక్కే. రెండో ప్రపంచయుద్ధకాలంలో అమెరికాలో అల్యూమినియం వాల్వుల పోతల్లో విరిగిపోయిన ట్యాపులు, డ్రిల్లుల వల్ల విలువైన భాగాలు తుక్కులోకి పోతుండగా హెరాల్డ్ స్టార్క్, విక్టర్ హార్డింగ్, జాక్ బీవర్ విద్యుత్ నిప్పురవ్వలతో ఆ ఉక్కును కొద్దికొద్దిగా కొరికి తీసే యంత్రం తయారుచేశారు. ఇంచుమించు అదే కాలంలో, 1943లో, సోవియట్ శాస్త్రవేత్తలు బోరిస్, నతాలియా లజరెంకో దంపతులు స్విచ్చుల మొనలు నిప్పురవ్వలకు ఎందుకు అరుగుతున్నాయని పరిశోధిస్తూ అదే సూత్రాన్ని లోహం చెక్కే పద్ధతిగా మలిచారు. అచ్చులు, డైలు చేసే కర్మాగారాలన్నిటిలో నేడు తప్పనిసరైన ఈడీఎం యంత్రానికి ఈ రెండు ప్రయత్నాలూ మూలం. హైదరాబాదు బాలానగర్‌లో 1968లో స్థాపించిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ బోధించే టూల్‌రూము విద్యకు చెందిన యంత్రాల్లో ఇదీ ఒకటి. విరిగిన ట్యాపు తీసేటప్పుడు భాగాన్ని కిరసనాయిలు వంటి విద్యుత్ ప్రసరించని నూనెలో ముంచి, ట్యాపు నడుమ కంటే కొంచెం సన్నని రాగి గొట్టాన్ని దాని మీదికి దించుతారు. గొట్టానికీ ట్యాపుకూ మధ్య ఉండే సూదిమొనంత ఖాళీలో క్షణానికి వేల రవ్వలు పుట్టి, ఒక్కో రవ్వ ఉక్కును ఒక్కో చుక్క కరిగిస్తుంది, నూనె ఆ చుక్కలను కడిగేస్తుంది. నడుమ పోయాక ట్యాపు పళ్లు విడివిడి పలుకులుగా వదులవుతాయి. వాటిని సన్న పట్టకారుతో ఏరివేస్తే గోడ మర గీత పడకుండా దక్కుతుంది.